ముప్పై సెకన్ల బురద

ఆ గురువారం జీవరాజుగారి కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికి టిఫిను, పదకొండింటికి ఇంటర్వ్యూ. భీమవరం పక్కన ఓ పరిశోధన కేంద్రంలో ఆయన ఇరవై ఆరేళ్లుగా రొయ్యల జబ్బుల మీద పనిచేస్తున్నారు. ప్రిన్సిపల్ సైంటిస్టు పదవికి ఇది మూడో ఇంటర్వ్యూ. రిటైరయ్యేలోపు ఇదే ఆఖరిది కూడా.

ఫైలు అట్టమీద "డాక్టర్ జీవరాజు, ప్రిన్సిపల్ సైంటిస్ట్" అని స్కెచ్ పెన్నుతో రాసింది ఆయన భార్య సువార్తమ్మ. మొదటి ఇంటర్వ్యూనాడు, "ఇంకా రాకుండానే రాసేశావేంటి?" అని ఆయనంటే, "వచ్చాక మళ్లీ దిద్దే పని ఉండదు కదండీ" అంది. ఆవిడ పోయి ఏడాదైంది. ఆవిడ రాసిన మాట అబద్ధం కాకూడదన్న తపన తప్ప ఆయనకిప్పుడు ఆ పదవితో వేరే పని లేదు.

ఏడున్నరకి చెరువు రైతు శివరామరాజుగారి ఫోను వచ్చింది.

"డాక్టరుగారండి, రొయ్య పైకి తేలిపోతోందండి! ఒక్కసారి వచ్చి వెళ్లండి."

"ఇవాళ ఇంటర్వ్యూ అండి రాజుగారూ."

"దారిలోనేగా అండి మా చెరువు!"

కాదనలేక వెళ్లారు. పరీక్షల కిట్టు ఆఫీసులో ఉండిపోయింది కాబట్టి, చెరువు అడుగు మట్టి తీయించి వాసన చూశారు. "అడుగున మేత కుళ్లిందండి. మేత ఆపి, ఏరేటర్లు తిప్పి నీళ్లకి గాలి పట్టించండి. కానీ ఇది నా అంచనా మాత్రమే. వాసనతో జబ్బు తేలదు, ల్యాబులో పరీక్ష చేయాల్సిందే" అన్నారు.

శివరామరాజుగారు అభిమానం కొద్దీ అదంతా వీడియో తీశారు. స్టేటస్‌కి పొడవెక్కువైందని ఫోను మొరాయిస్తే, "కానీ" దగ్గర్నుంచి కోసి పారేశారు. మిగిలిన ముప్పై సెకన్లకి "మట్టి వాసనతో రొయ్య జబ్బు చెప్పే మహానుభావుడు" అని పేరుపెట్టి రైతుల గ్రూపులన్నిటికీ పంపారు.

పదకొండయ్యేసరికి కేంద్రం వరండాలో ముప్పైమంది రైతులు క్యారీబ్యాగుల్లో బురదతో నిలబడ్డారు. నరసాపురం నుంచి ఒకాయన స్టీలు క్యారేజీలో తెచ్చాడు. వాచ్‌మన్ బుల్లిరాజు వాళ్లని ఆపలేక, చీటీలు చింపి నంబర్లు పంచేశాడు.

"మట్టి డాక్టరుగారిని పిలవండి!" అన్న కేకలు ఇంటర్వ్యూ గదిలోకి వినబడుతున్నాయి.

"ఏంటండీ ఈ జాతర?" అన్నారు బోర్డు ఛైర్మన్ ప్రసన్నకుమార్‌గారు. "వీడియోల్లో వెలిగేవాళ్లకి పరిశోధన చేసే తీరికెక్కడిది?"

"ఆ వీడియోలో సగమే ఉందండి. నావి పంతొమ్మిది పేపర్లు. అన్నీ ఇందులో ఉన్నాయి" అని జీవరాజుగారు ఫైలు ముందుకు జరిపారు. ఎవరూ ముట్టుకోలేదు.

ఛైర్మన్‌గారు మిగతా సభ్యులను టీకి పంపి, తలుపు వేయించి, బల్లకింద నుంచి ఒక క్యారీబ్యాగు తీశారు. గొంతు తగ్గించారు.

"మా బావమరిది చెరువుదండి. వీడియో చూసి, ఇందాక గేటు దగ్గర నా చేతిలో పెట్టిపోయాడు. కాస్త వాసన చూసి చెబుదురూ."

బల్ల పాడవుతుందని ఛైర్మన్‌గారు సంచి కింద జీవరాజుగారి ఫైలు పెట్టారు. సంచి చిల్లుది. బురదనీళ్లు అట్టమీదికి కారి, "ప్రిన్సిపల్" అన్న మాటని అలికేశాయి. జీవరాజుగారు రుమాలుతో అద్దారు. అద్దినకొద్దీ మిగతా అక్షరాలూ పోయాయి. ఆయనకి సువార్తమ్మని మళ్లీ పోగొట్టుకున్నట్టయింది.

"వాసనకి తేలదండి" అన్నారు ఎలాగో. "పరీక్ష చేసి చెప్తాను."

"అయితే ఆ వీడియో అబద్ధమన్నమాట" అని ఛైర్మన్‌గారు కాగితం మీద రాసుకున్నారు.

పదవి రాలేదు. "ప్రజాదరణ అధికం, శాస్త్రీయత స్వల్పం" అని బోర్డు తేల్చింది. జీవరాజుగారు మాత్రం నాలుగు రోజులు ల్యాబులో కూర్చుని ఆ ముప్పై ఒక్క చెరువుల మట్టినీ పరీక్ష చేశారు. ఛైర్మన్‌గారి బావమరిది చెరువులో నిజంగానే జబ్బుంది. పంట దక్కాలంటే ఏం చేయాలో ఆరు పేజీల్లో వివరంగా రాసి ఛైర్మన్‌గారి ఫోనుకి పంపారు.

జవాబు నిమిషంలో వచ్చింది.

"రిపోర్టు చాలా పొడుగ్గా ఉందండి. వీడియో ఏమైనా ఉంటే పంపండి."