హాల్వర్సన్ కోటు

ఆ శనివారం పొద్దున వెండెల్ ప్రోకప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. రాత్రంతా కారు గడ్డకట్టకుండా కాపాడిన కరెంటు ప్లగ్గు పీకాలి. విల్లో బెండ్ ఊళ్లో మంచు హాకీ ఆడే రింక్‌కు వెళ్లి రీస్ దుబోవీ అనే కుర్రాడి ఆట ఆఖరిసారి చూడాలి. ఎవరి కంటా పడకుండా ఇంటికొచ్చి, తన జట్టు పెద్ద మెక్‌ఫెయిల్‌కు ఫోన్ చేసి, వచ్చే జూన్ డ్రాఫ్ట్‌లో మనకు కావలసినవాడు వీడేనని చెప్పాలి.

వెండెల్ స్కౌట్. సస్కాచివాన్ రాష్ట్రపు మంచులో ఊరూరా తిరిగి, ఇంకా మీసాలైనా సరిగా రాని హాకీ కుర్రాళ్లలో రేపటి మొనగాడు ఎవడో పసిగట్టడం అతని ఉద్యోగం. డ్రాఫ్ట్ రోజున పెద్ద జట్లు వరుసలో ఒక్కొక్క కుర్రాణ్ని పిలుచుకుంటాయి. ఒకరు పిలిచినవాడు మరొకరికి దక్కడు. దుబోవీ బక్కపలచగా ఉండేవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ అవతలి జట్టువాడు ఎటు కదలబోతున్నాడో ఆ అవతలివాడి కంటే ముందు వాడికే తెలిసేది. రెండు చలికాలాలుగా వెండెల్ వాణ్ని చూస్తూ, నోరు కుట్టేసుకుని ఉన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అచ్చంగా తనకే కనిపించినవాడు దుబోవీ ఒక్కడే.

"ఈసారైనా హాల్వర్సన్ పేరెత్తకుండా తిరిగి రా" అంది భార్య జోసీ, ఫ్లాస్కు అందిస్తూ.

"నేనెప్పుడెత్తాను?"

"నిద్రలో."

హాల్వర్సన్ ఇంకో జట్టు స్కౌట్. కొన్నేళ్ల కిందట మ్యాపులో కూడా లేని ఓ ఊళ్లో ఒక కుర్రాణ్ని కనిపెట్టాడు. ఆ కుర్రాడు పెద్దవాడై కప్పు తెచ్చిపెడితే, యజమాని మురిసిపోయి హాల్వర్సన్‌కు ఒంటె రంగు ఉన్ని కోటు కుట్టించాడు. అప్పటినుంచి ఏ రింక్‌కైనా ముందు ఆ కోటు వచ్చేది, వెనకాల హాల్వర్సన్ వచ్చేవాడు. నిజానికి ఆ కుర్రాణ్ని చూడటానికి అంతకు వారం ముందే వెండెల్ బయల్దేరాడు. దారిలో మంచు తుపాను రావడంతో వెనక్కి తిరిగాడు. తుపానే లేకపోతే ఆ కోటు తన ఒంటి మీద ఉండేదని అతని లెక్క. అందుకే హాల్వర్సన్ ఆ కోటు గుండీలు పెట్టుకుంటుంటే ఇతనికి ఊపిరాడేది కాదు. అసూయ అని మర్యాదగా అనుకోవచ్చు గానీ, అది అచ్చమైన కడుపుమంట.

రింక్ తలుపు తోసేసరికి పై మూలన ఒంటె రంగు కనిపించింది. తప్పించుకునే దారి లేక వెండెల్ మెట్లెక్కాడు.

"ఏం గురూ, ఇంత చలిలో ఇటొచ్చావ్?" అన్నాడు హాల్వర్సన్, కోటు అంచు సర్ది పక్కన చోటిస్తూ.

"ఊరికే. మా అత్తగారి ఊరికి పోతూ."

"మీ అత్తగారిది తూర్పున మానిటోబా కదా? ఇది పడమర కదా?"

"ఆవిణ్ని చూడబోతూ తిన్నగా ఎవడు పోతాడు?"

స్కౌట్ల లోకంలో ఆట చూడటం సగం ఉద్యోగమే. పక్క స్కౌట్ ఎవర్ని చూస్తున్నాడో చూడటం మిగతా సగం. అందుకని ఎవడూ తాను చూడవచ్చిన కుర్రాడి వంక చూడడు. వెండెల్ మంచు మీదికి ఓరగా చూశాడు. దుబోవీ ఎప్పటిలాగే నీళ్లలో చేపలా జారుతున్నాడు. ఇంకో పది నిమిషాలు ఇక్కడే ఉంటే తన కళ్లు తనను పట్టిస్తాయని వెండెల్‌కు భయం పట్టుకుంది. హాల్వర్సన్‌ను ఎటైనా మళ్లించాలి. అప్పుడు కనిపించాడు బెంచీ చివర క్లింట్ హుకులాక్. తలుపంత మనిషి. కోచ్ దయతలచి ఒక్కసారి మంచు మీదికి పంపితే, తన కర్ర తన కాళ్లకే అడ్డం పెట్టుకుని పడి, మళ్లీ బెంచీ ఎక్కాడు.

ఒక పిల్లవాడు ఇంకెంత పెరుగుతాడో తేల్చడానికి స్కౌట్లు వాడి అమ్మానాన్నల ఎత్తు చూస్తారు. ఎవరి తల్లి పక్కన స్కౌట్ కూర్చుంటే ఆ ఇంట దీపం వెలిగినట్టే. వెండెల్ కావాలనే అందరికీ కనిపించేలా మెట్లు దిగి, దుప్పటి కప్పుకుని కూర్చున్న హుకులాక్ తల్లి డోరీన్ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఒక్కసారి లేచి నిలబడతారా?"

"ఎందుకు బాబూ, ఇది నీ సీటా?"

"కాదమ్మా, మీ ఎత్తు చూద్దామని. మీ అన్నదమ్ములు పొడుగేనా?"

"మా పెద్దన్న వంగితేగాని గుమ్మం దాటలేడు. పశువుల కొట్టం గుమ్మం."

"ఇరవై దాటాక కూడా పెరిగారా?"

"పెరిగారు. అడ్డంగా."

వెండెల్ గొప్ప రహస్యం విన్నవాడిలా తల పంకించి, పైకి చూశాడు. హాల్వర్సన్ చూపు వీళ్ల మీదే ఉంది. విరామంలో ఒంటె రంగు కోటు మెట్లు దిగి, డోరీన్‌కు వేడి కాఫీ తెచ్చిచ్చి, ఆమె కొడుకు బూటు సైజు అడుగుతుంటే, వెండెల్ మనసు నిండిపోయింది. దుబోవీ వంక ఇంకోసారి కూడా చూడకుండా ఇంటికొచ్చి, బంగాళాదుంప కూరిన కుడుముల్లాంటి పెరోగీలు రెండు ప్లేట్లు తిన్నాడు. మెక్‌ఫెయిల్‌కు ఫోన్ చేయడానికి ఇంకా బోలెడు టైముందిలే అనుకున్నాడు.

వెండెల్ మాట ఎవరూ లెక్కచేయరు గానీ కోటు మాటకు విలువుంది. తర్వాతి శనివారానికి డోరీన్ చుట్టూ వరుసంతా స్కౌట్లే. ఆమె వాళ్లకోసం ఇంటి నుంచి పెరోగీలు మోసుకొచ్చింది. ఇంతమంది చూస్తున్నారంటే తనకు తెలియనిదేదో ఉందని కోచ్‌కు అనుమానం వచ్చి, హుకులాక్‌ను మాటిమాటికీ మంచు మీదికి పంపసాగాడు. ఒకనాడు వాడు గోల్ ముందు దారి తప్పి నిలబడి ఉండగా, ఎవరో కొట్టిన పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, వాడి వీపుకు తగిలి లోపలికి పోయింది.

"చూశావా! వెనక్కి కూడా చూడకుండా!" అన్నాడొక స్కౌట్.

"కళ్లు వీపునున్నాయ్ వాడికి" అన్నాడింకొకడు.

వెండెల్ గోడ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. ఇక నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఆ ఒక్కటీ అతని వల్ల కాలేదు.

మార్చిలో విల్లో బెండ్ రేడియో మనిషి మైకు పట్టుకుని రింక్‌కు వచ్చాడు. "హాల్వర్సన్ గారూ, మరో వజ్రాన్ని వెలికితీశారు! హుకులాక్‌ను మొదట మీరే చూశారంటగా?" హాల్వర్సన్ కోటు కాలరు సవరించుకుని, చిరునవ్వు నవ్వి, ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే వెండెల్ గుండెలో గునపంలా దిగింది. మళ్లీ వీడేనా? పనికిరాని పిల్లవాణ్ని కనిపెట్టిన గొప్పా వీడికేనా? వెండెల్ ముందుకు ఉరికి మైకు లాక్కున్నాడు.

"అబద్ధం! వాణ్ని ముందు చూసింది నేను! వాళ్లమ్మను లేపి నిలబెట్టింది నేను! కావాలంటే ఆవిణ్నే అడగండి!"

"అవునండీ" అంది డోరీన్, మూత తీసిన గిన్నె చేత్తో పట్టుకుని. "ఈ బాబే. చలిలో నిలబెట్టాడు."

ఆ మాటలు ఊళ్లు దాటి మెక్‌ఫెయిల్ కారు రేడియోలో మోగాయి. సాయంత్రానికల్లా ఫోనొచ్చింది.

"ప్రోకప్! హాల్వర్సన్ కంటే ముందే చూశావటగా! నాకు చెప్పకుండా దాచావేంటయ్యా?"

వెండెల్ నిజం చెబుదామనే నోరు తెరిచాడు. సార్, అదంతా నాటకం, మనకు కావలసింది దుబోవీ. కానీ 'హాల్వర్సన్ కంటే ముందే' అన్న మాట జన్మలో మొదటిసారి వినబడింది. అది నాలుక మీద మీగడలా ఉంది. ఉమ్మడానికి మనసొప్పలేదు.

"ఖాయం చేసుకున్నాకే చెబుదామని సార్" అన్నాడు.

ఫోను పెట్టేశాక జోసీ అతని ముఖం చూసి, "ఏం చేశావ్?" అంది.

"ఏం లేదు. రేపు ఫోన్ చేసి సర్దిచెప్తా."

రోజూ రేపే అయింది. మెక్‌ఫెయిల్ ఫోన్ చేసినప్పుడల్లా ఒక కొత్త పొగడ్త పొగిడేవాడు. ఇతను సర్దిచెప్పడం ఇంకో రోజుకు వాయిదా వేసేవాడు. జూన్ వచ్చేసింది.

డ్రాఫ్ట్ హాల్లో వెండెల్ జట్టు వంతు వచ్చింది. దాని వెంటనే హాల్వర్సన్ జట్టు వంతు. మెక్‌ఫెయిల్ కుర్చీలోంచి లేవబోతుంటే వెండెల్ అతని కోటు చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, దుబోవీ అని ఒకడున్నాడు సార్. బంగారం. వాణ్ని తీసుకోండి, మీ కాళ్లు పట్టుకుంటా."

"ఇప్పుడు చెప్తావా? హుకులాక్ నా వాడని రేడియోలో ఊరంతా చాటావు కదయ్యా!"

"అది... హాల్వర్సన్ మీద..."

"అదేనయ్యా నేననేది. ఇప్పుడు వదిలేస్తే హాల్వర్సన్ ఎగరేసుకుపోతాడు. ఆ ముఖం నేను చూడలేను" అని మెక్‌ఫెయిల్ వేదికెక్కి హుకులాక్ పేరు చదివాడు. హాలంతా చప్పట్లు. తర్వాత హాల్వర్సన్ జట్టు పెద్ద వచ్చి, తాపీగా, రీస్ దుబోవీ పేరు చదివాడు. రెండు చలికాలాలు తాను కళ్లలో పెట్టుకుని చూసుకున్న పిల్లవాడు ఇంకో జట్టు చొక్కా తొడుక్కుని నవ్వుతుంటే, వెండెల్‌కు కళ్లనీళ్లు తిరిగాయి.

బయట వసారాలో హాల్వర్సన్ ఎదురుపడ్డాడు. ఎండాకాలం కాబట్టి కోటు చేతి మీద వేసుకున్నాడు.

"నీ రుణం తీర్చుకోలేనోయ్" అన్నాడు. "ఆ రోజు నేనొచ్చింది దుబోవీ కోసమే. నువ్వు కనబడగానే గుండె జారింది. నువ్వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాక అమ్మయ్య అనుకున్నా. ఎవరికీ అనుమానం రాకుండా నేనూ నీ వెనకే వచ్చి, అక్కడే తిష్ఠేశా."



హాల్వర్సన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కానీ గురూ, నిజం చెప్పు. ఆ హుకులాక్‌లో నువ్వేం చూశావ్? నెలల తరబడి చూశా, నాకేం కనబడలేదు. నీకు కనబడింది నాకెందుకు కనబడలేదా అని కుళ్లిపోతున్నానయ్యా, ఒట్టు."

వెండెల్ ఆ ముఖంలోకి చూశాడు. అది అతను ఇన్నేళ్లుగా అద్దంలో చూసుకుంటున్న ముఖమే. నిజం చెప్పేస్తే ఇద్దరూ నవ్వుకుని ఇళ్లకు పోవచ్చు.

"అది చెబితే వచ్చేది కాదు, హాల్వర్సన్" అన్నాడు. "కన్నుండాలి."

జులైలో, ఊరంతా చెమటలు కక్కుతున్న రోజున, మెక్‌ఫెయిల్ మెచ్చి కుట్టించిన ఉన్ని కోటు పార్సిల్లో వచ్చింది. వెండెల్ మడమల దాకా దిగిన దాన్ని తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

"దుబోవీ పోయాడు, ఆ హుకులాక్ మీకు తగులుకున్నాడు. ఇంకెందుకు ఆ నవ్వు?" అంది జోసీ.

"హాల్వర్సన్‌ది మోకాళ్ల దాకానే" అన్నాడు వెండెల్.