గాయం లేని కట్టు

తొంభై రెండులో ఒక శుక్రవారం పొద్దున, డ్రిల్లు సారు గంగాకిషన్ అనుకున్న పని చాలా చిన్నది. బడి కబడ్డీ జట్టు కెప్టెన్ విమల తలకు ఒక కట్టు కట్టాలి. అంతే. గాయం ఉందా అంటే లేదు. అదే వచ్చిన చిక్కు.

మంగళవారం ఆటలో ఇద్దరు పిల్లల తలలు ఢీకొన్నాయి. విమల కాసేపు తాను ఏ ఊళ్లో ఉందో చెప్పలేకపోయింది. డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: "తలనొప్పి పూర్తిగా పోయేదాక విశ్రాంతి. తర్వాత నడక, ఆ తర్వాత పరుగు, అన్నిటికీ చివర ఆట. నడుమ మళ్లా దెబ్బ తాకితే ప్రాణానికే ముప్పు." కానీ నెత్తురు చుక్క కారనిదే మన ఊళ్లో ఎవరు నమ్ముతారు? శనివారమేమో వేల్పూర్‌తో పోటీ! "పలిగింది లేదు, కుట్టింది లేదు, గిదేం రోగమయ్యా!" అని హెడ్‌మాస్టరు ఎగిరాడు. అందుకే ఈ కట్టు. నమ్మకానికి పైన ఇంత పసుపు కూడా మెత్తాడు సారు. ఆర్మూర్‌లో పసుపుకు కరువా?

కట్టు చూసి, జుట్టు లోపల పలిగింది తనకే కనబడలేదేమో అనుకుని హెడ్‌మాస్టరు నోరు మూశాడు. ఊరు తెరిచింది. పదింటికి మూడు కుట్లన్నారు. పన్నెండింటికి ఆ మాట పక్కూరు పెర్కిట్ చేరేసరికి కుట్లు పన్నెండయ్యాయి. విమల తండ్రి శ్రీపతి పసుపు కమీషన్ వ్యాపారి. బేరం మీద ఊరు దాటిపోయి, మూడు రోజుల తర్వాత ఆ పొద్దునే ఊళ్లో దిగి, ఇంటికైనా పోకుండా మార్కెట్టుకే వెళ్లాడు. "సేటూ, నీ బిడ్డను ఆపరేషన్‌కు హైదరాబాద్ తీస్కపోయిన్రట!" అన్నారెవరో. పాపం, ఒంటి చెప్పుతో బడికి ఉరికొచ్చాడు.

"సార్! నా బిడ్డేది? బతికున్నదా?"

గంగాకిషన్‌కు గుండె కరిగిపోయింది. విమలను పిలిచి కట్టు విప్పేశాడు. "గాయం లేదు సేటూ, ఫికర్ చేయకుండ్రి."

శ్రీపతి బిడ్డ నెత్తంతా తడిమి, ఏడుస్తూనే నవ్వాడు. "గాయమే లేకపాయె, మరి రేపు ఆడొచ్చు గదా!"

"గట్లడుగుండ్రి!" అన్నాడు వెనకే వచ్చిన హెడ్‌మాస్టరు. విమల సంబరంగా, చెదిరిన జడలు సవరించుకోసాగింది. తన అతితెలివిని తానే తిట్టుకున్నాడు గంగాకిషన్.

"సేటూ, పసుపు పైన మెరుపు చూసి కొంటరా?"

"ఎట్ల కొంట? కొమ్ము ఇరిచి లోపల రంగు చూస్త."

"మరి తలకాయ ఇరిచి చూస్తమా?"

"గదీ గిదీ ఒక్కటేనా సార్!" కొట్టిపారేశాడు శ్రీపతి.

విమల ఒక జడకు రిబ్బను ముడేసి, "సార్, రేపు బస్సు ఎన్నింటికి?" అంది.

"ఎనిమిదింటికి బిడ్డా!" అన్నాడు హెడ్‌మాస్టరు హుషారుగా.

రెండో రిబ్బను చేతిలోకి తీసుకుని ఆమె మళ్లీ తలెత్తింది. "సార్, రేపు బస్సు ఎన్నింటికి?"

శ్రీపతి ఆమె చేతిలోంచి రిబ్బను తీసుకుని, రాని పనైనా తానే ముడేశాడు. "మనం రేపు పోతలేం బిడ్డా," అన్నాడు. "డాక్టరమ్మ ఎన్నడంటే గన్నడే." విమల వెక్కి వెక్కి ఏడ్చింది. గంగాకిషన్ విప్పిన కట్టును చుట్టి జేబులో వేసుకున్నాడు.

నెల దాటాక, నడిచి, పరుగెత్తి, డాక్టరమ్మ సరేనన్న రోజున విమల మళ్లీ కూతకు దిగింది. శనివారం పోటీ సంగతంటారా, ఆర్మూర్ పిల్లలు ఇరవై పాయింట్ల తేడాతో ఓడారు. దెబ్బ తగిలింది ఒక్క హెడ్‌మాస్టరు పరువుకే. అదీ సోమవారానికల్లా మానిపోయింది.