పట్టింది వదలని ఇనుము

ఆ ఆదివారం పొద్దున మద్దిలేటి రెడ్డి వేసుకున్న పథకం చాలా సులువైనది. పదిగంటలకు కర్నూలు నుంచి పార్టీ పెద్దాయన వస్తాడు. కోయిలకుంట్ల బడికి రెడ్డి కట్టించిన సైన్సు గది ముందు మీట దించుతాడు. తెర పడి, పాలరాతి మీద రెడ్డి పేరు బయటపడుతుంది. మధ్యాహ్నం పొట్టేలు కూర తిని, యాభై ఐదులో జరగబోయే ఎన్నికలకు టికెట్టు ఖాయం చేసి పోతాడు. సైన్సు అంటే ఏమిటో రెడ్డికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం అంతకుముందు ఎన్నడూ రాలేదు.

టికెట్టుకు ఒక్కటే అడ్డం. సహకార బ్యాంకు అధ్యక్షుడి కుర్చీ వదులుకుంటేనే ఇస్తామని పెద్దాయన కబురు చేశాడు. వదులుకుంటానని రెడ్డి మాట పంపాడు. వదలడని కోయిలకుంట్ల కుక్కలకు కూడా తెలుసు.

తెర పడే ఏర్పాటు సైన్సు మాస్టరు గాబ్రియేలుది. లాడంలా వంచిన ఇనుప కడ్డీకి రాగితీగ చుట్టి, లారీ బ్యాటరీకి తగిలిస్తే అది అయస్కాంతమై, తెర పైఅంచుకు కుట్టిన ఇనుప పలకను పట్టుకుంటుంది. మీట దించి కరెంటు ఆపితే వదిలేస్తుంది. మాస్టరుకు పాఠం బాగా వచ్చు. పెద్దవాళ్ల ముందు నోరు తెరవడమే రాదు.

"ఇదేమి ఇనుమయ్యోరా?" అని రెడ్డి ముందురోజు కడ్డీని గోటితో గీరి చూశాడు.

"మెత్తని ఇనుమండీ. బాగా కాల్చి, బూడిదలో నిదానంగా చల్లార్చినాము."

"నా పేరుండే రాయి ముందర మెత్త ఇనుము పెడ్తావా? ఊరోళ్లు నవ్వరా?"

"మెత్తదైతేనే పట్టుకోమంటే పట్టుకుంటాది, వదలమంటే..."

"అట్లాంటోడు మా ఇంట్లో ఒకడుండాడు, సాల్లే," అని రెడ్డి బావమరిది ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు అక్కగారింట్లోనే ఉంటాడు. రమ్మంటే వస్తాడు, పొమ్మంటే పోతాడు. ఆ మాట విని అతను నవ్వాడు కూడా, బావ నవ్వాడు కనుక.

రెడ్డి తన లారీకున్న ఉక్కు కమాను పట్టా ఊడదీయించి కమ్మరి దగ్గరికి పంపాడు. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, లాడంలా వంచి, చన్నీళ్లలో ముంచి రాయిలా బిగదీశాడు. మాస్టరు దానికే తీగ చుట్టాడు. బ్యాటరీ తగిలించగానే పలక టప్పున అతుక్కుంది.

"పట్టిందా?"

"పట్టిందండీ. ఒక్కసారి కరెంటు ఆపి, వదుల్తుందేమో..."

"వదిలేది చూసేకేముండాదయ్యా? వదిలేది ఎవునికైనా చేతనయితాది."

"నిజమేనండీ," అన్నాడు మాస్టరు. ఇంత చదువు చదివింది ఈ ఒక్క మాట అనడానికి.

తెరకు రెడ్డి భార్య సుబ్బరత్నమ్మ పెండ్లి పట్టుచీర తెచ్చారు. "దానికి చిన్న చిరుగు పడినా నేనూరుకొనేదాన్ని గాదు," అని ఆమె ముందే చెప్పింది. ఆమె మాట ఎవరూ వినలేదు.

పెద్దాయన వచ్చాడు, దండలు పడ్డాయి, మీట దించాడు. తెర పడలేదు. పైకెత్తి మళ్లీ దించాడు. పడలేదు.

"ఉక్కండీ," మాస్టరు రెడ్డి చెవిలో గొణిగాడు. "కరెంటు పోయినా దీని పట్టు పోదు."

"ఏమంటున్నాడు మాస్టారు?" అని పెద్దాయన అడిగాడు.

అంతమంది ముందు తప్పు జరిగిందని ఒప్పుకోవడం రెడ్డి వంశంలోనే లేదు. "గట్టితనం చూపిచ్చేకే అట్ల పెట్టించినా," అన్నాడు. "మా ఇంట్లో ఇనుము గుడక అంతే. పట్టిందంటే వదిలేది లేదు."

రెడ్డి మనుషులు చప్పట్లు కొట్టారు. అన్నం పెట్టేవాడు తుమ్మినా కొట్టే మనుషులు వాళ్లు. ఆ చప్పట్లకు రెడ్డి ఒళ్లు పొంగిపోయింది.

"అయితే బ్యాంకు కుర్చీ?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"బ్యాంకైనా అంతే," అనేశాడు రెడ్డి.

చప్పట్లు మరింత మోగాయి. అవి ఆగేసరికి రెడ్డికి తానేమన్నాడో తెలిసింది. ఆ మాట నలుగురూ మరిచిపోవాలంటే వెంటనే ఇంకేదో జరగాలి.

"లాగండ్రా ఆ తెరను," అని అరిచాడు.

నలుగురు మనుషులు లాగారు. చీర నిలువునా చిరిగింది. ఇనుము బిగించిన దూలం ఆరని గచ్చుతో సహా గోడలోంచి ఊడి మీద పడేసరికి, పాలరాయి కింద పడి ముక్కలైంది. ఇనుము మాత్రం పలకను వదల్లేదు. సుబ్బరత్నమ్మ చిరిగిన చీరను చూసింది, మొగుణ్ని చూసింది, ఏమీ అనకుండా ఇంటికి పోయింది. రెడ్డికి ఆ రోజు నిజంగా భయమేసింది అప్పుడే.

పెద్దాయన పొట్టేలు కూర మాత్రం తృప్తిగా తిన్నాడు. చేతులు కడుక్కుంటుంటే ఓబులేసు చెంబుతో నీళ్లు పోశాడు. పోయమంటే పోశాడు, చాలంటే ఆపాడు. పెద్దాయన చేతులు తుడుచుకోకుండా అతన్ని కాసేపు చూశాడు.

"ఎన్నికల్లో నిలబడతావా?"

"నిలబడమంటే నిలబడ్తా సామీ."

"రేపు దిగిపొమ్మంటే?"

"దిగిపోతా."

"మాకు కావలసింది ఇదే," అన్నాడు పెద్దాయన.

ఎన్నికలైన కొన్నాళ్లకు ఎమ్మెల్యే ఓబులేసు అదే గదిని ప్రారంభించాడు. సుబ్బరత్నమ్మ తెరకు ఈసారి కొత్త పట్టుచీర తానే ఇచ్చింది. మాస్టరు బూడిదలో చల్లార్చిన పాత ఇనుమే బిగించాడు. మీట దించగానే తెర పడింది, కొత్త రాతి మీద ఓబులేసు పేరు కనిపించింది. మద్దిలేటి రెడ్డి రాలేదు. బ్యాంకు కుర్చీ వదిలి రావడానికి వీలుపడలేదట.