ఇస్తారి పిండికట్టు

ఆదివారం పొద్దున జొన్నరొట్టె తిని మంచిర్యాల అంగడికి పోదామని ఇస్తారి చెప్పులేసుకున్నాడు. అంతలో గని గుమస్తా వాకిట్లోంచే కేకేశాడు.

"రేపు పెద్ద డాక్టరు వస్తుండు. కట్టు కోసి చెయ్యి చూస్తడు. బయట వైద్యం చేయించుకున్నోళ్లకు సగం జీతం, మందుల ఖర్చు రెండూ బంద్," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇస్తారి చెప్పులు విడిచాడు. నెల కిందట గనిలో బొగ్గు మోసే టబ్బు బండి తగిలి ఎడమచేతి ఎముక విరిగితే కంపెనీ దవాఖానలో పిండికట్టు వేశారు. లోపల దురదకు ప్రాణం పోతుంటే, పది రోజులకే భార్య దేవవ్వ అతన్ని పసరుకట్టు సాంబయ్య దగ్గరికి తీసుకుపోయింది. సాంబయ్య పిండికట్టును రెండు చెక్కలుగా చీల్చి, పసరు పూసి, వెదురుబద్దలు కట్టాడు. మొన్ననే అవీ విప్పాడు. ఎముక అతికింది కానీ, బొగ్గుతట్ట ఎత్తాలంటే ఇంకో నెల పడుతుంది. ఆ నెల పొయ్యి వెలగాలంటే దెబ్బ తగిలినవాళ్లకు కంపెనీ ఇచ్చే సగం జీతమే దిక్కు.

"పాత కట్టు ఏడ పెట్టినవ్?" అన్నాడు.

"ఒక చెక్క అటక మీదున్నది. ఇంకోదాంట్ల కోడి పొదుగుతున్నది," అంది దేవవ్వ.

కోడిని లేపారు. అది పెట్టిన గోలకు పక్కింటి అంబదాస్ వచ్చాడు. నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇంట్లో పుట్టి, గని పనికి వచ్చినవాడు అతను.

"గింతదానికి పరేషాన్ ఎందుకు వదినె? చింతగింజల బంకతోని అతికిస్త. అతుకు కానరాదు."

ఉడికించిన బంకలో రంపపు పొట్టు కలిపి రెండు చెక్కలూ ఇస్తారి చేతిమీద అతికించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. చాలా రోజులకు పాత పని చేతికొచ్చిందేమో, గుడ్డ చుట్టి మళ్లీ పూసి, సుద్ద పెట్టి, నూనె పట్టించి నున్నగా రుద్దాడు. రంగులు దొరకక, పైన చిలుక బొమ్మ వేయడం మాత్రం మానుకున్నాడు.

సోమవారం పెద్ద డాక్టరు కత్తెర పెట్టాడు. అది వంగిపోయింది. కాంపౌండరు సిద్దిరాములు ఇంకోటి తెచ్చాడు. దాని మొన విరిగింది. వడ్రంగి షెడ్డు నుంచి రంపం రాగానే ఇస్తారి మెల్లగా, "సారూ, లోపల నా చెయ్యున్నది," అన్నాడు.

డాక్టరు రంపం పక్కన పెట్టి కట్టుమీద వేలితో కొట్టి చూశాడు.

"ఎవరు వేశారీ కట్టు?"

దవాఖానలో కట్లు వేసేది సిద్దిరాములు ఒక్కడే. తాను వేయలేదంటే ఎవరు వేశారో చెప్పాలి, ఇన్నాళ్లూ చూసుకోనందుకు తిట్లూ తినాలి. "నేనే సార్," అన్నాడు నేల చూస్తూ.

"ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి పని చూడలేదు," అని డాక్టరు అతని భుజం తట్టాడు. కాగితం మీద రాసి చదివాడు: "కట్టు దానంతటది వదిలేదాకా పనిలోకి రాకూడదు. అప్పటిదాకా సగం జీతమే."

ఆ కాగితంతో దేవవ్వకు పండగే అయింది. రెండు నెలలు గడిచాయి. చెయ్యి పూర్తిగా బాగైంది, తట్ట ఎత్తగలడు, పూర్తి జీతం తెచ్చుకోగలడు. కట్టు మాత్రం వదల్లేదు. దురద మళ్లీ మొదలైంది. నీళ్లలో నానబెడితే నూనె మెరుగు ఇంకా నిగనిగలాడింది.

"మేము అతికించుడే నేర్చుకున్నం అన్నా. ఇప్పమని ఎవ్వరు అడగలే," అన్నాడు అంబదాస్.

చివరికి ఏడుపొక్కటే తక్కువగా ఇస్తారి సాంబయ్య దగ్గరికే పోయాడు. సాంబయ్య కట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దవాఖాన వైద్యం నడుస్తున్నది బిడ్డా. బయటోళ్లం నడుమల చెయ్యి పెట్టొద్దు," అన్నాడు.