లెడ్‌బెటర్ గారు పాసయ్యారు

హాస్కెల్ గారి మందుల షాపులో టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసిన రోజే నా బుద్ధి గడ్డి మేయడం మొదలుపెట్టింది. నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వినా చెబుతాను. ఊరంతా ఎలాగూ నవ్వేసింది.

అప్పటికి కార్పెట్ మిల్లు నన్ను ఇంటికి పంపి ఏడు నెలలు. ఇరవై ఆరేళ్ళు తివాచీలకి అంచులు కుట్టిన చేతులతో టీవీ రిమోటు నొక్కుకుంటూ సోఫాకి అతుక్కుపోయాను. మా ఆవిడ నెల్డా అదే మందుల షాపులో పంతొమ్మిదేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. ఆ సాయంత్రం వచ్చీ రాగానే చేతిసంచి బల్ల మీద పెట్టింది.

"హోయ్ట్, డార్లీన్ రిటైరవుతోంది. ఆ టెక్నీషియన్ పని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఇస్తారట హాస్కెల్ గారు. ఆరోగ్య బీమా కూడా ఉంటుంది."

"అయితే?"

"అయితే ఏంటి? మిల్లు మూసేటప్పుడు నీకు ఆ కోర్సు చెప్పించారుగా! పరీక్ష ఒక్కటే మిగిలింది. రాసెయ్."

కోర్సు సంగతి నిజమే. విరామంలో పెట్టే డోనట్ల కోసం వెనక బెంచీలో కూర్చుని పూర్తి చేశాను. హాజరు నూటికి నూరు, బుర్రలో గుండు సున్నా.

"అదెంత పని! మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోయడమేగా" అన్నాను.

"అంత తేలికైతే పది వారాల్లో రాసి చూపించు" అంది. అలా నా నోరే నన్ను పరీక్షకి రిజిస్టర్ చేయించింది.

సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా గ్యారేజీలో చదువు. గోడకి అవతల వంటిల్లు. నెల్డా అక్కడ వంట చేసుకుంటూ, నేను నిజంగా చదువుతున్నానో లేదో వినాలట. అందుకని గట్టిగా చదవమంది.

మొదటి రెండు రోజులు నిజాయితీగానే చదివాను. ఆ మందుల పేర్లు ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నాలుకకి నరం లేదు. మెట్‌ఫార్మిన్, మెటోప్రొలాల్, మెట్రోనిడజోల్, ముగ్గురూ ఒకే మెట్టు మీద కూర్చున్న అన్నదమ్ములు. ఒకడు చక్కెరకి, ఒకడు రక్తపోటుకి, ఒకడు క్రిములకి. ఎవడు ఎందుకో అడగకండి. ఇక అటెనొలాల్, ప్రొప్రనొలాల్, నాడొలాల్... చదువుతున్నానా, లాలిపాట పాడుకుంటున్నానా తెలియదు. నాలుగో 'లాల్' దగ్గర నేను పుస్తకం మీద, చొంగ పేజీ మీద.

సరిగ్గా అప్పుడే పర్విస్ ఫోన్ చేశాడు. వాడు నా చేపల స్నేహితుడు. ఊళ్ళోవాళ్ళు పుకార్ల పర్విస్ అంటారు.

"చెరువులో చేపలు గాలం అడిగి మరీ మింగుతున్నాయిరా. సాయంత్రం అయిదున్నర నుంచి."

అదిగో, పథకం అక్కడ పుట్టింది.

నా గొంతుని ఫోన్లో రికార్డు చేసి, చిన్న స్పీకరుకి తగిలించి, రోజూ అయిదింటికి దానంతటదే మొదలయ్యేలా పెట్టి, గ్యారేజీ వెనక కిటికీలోంచి దూకి చెరువుకి పోవడం. ఎంత తెలివైనవాణ్ణో చూడండి, రోజూ ఒకే పాఠం వినిపిస్తే పట్టుకుంటుందని పుస్తకమంతా రికార్డు చేశాను. ఆరు సాయంత్రాలు, ఒక్కో రోజుకి ఒక్కోటి, మా కుక్క డీకన్‌ని పక్కన పెట్టుకుని. చదువు ఎగ్గొట్టడం కోసం పుస్తకం మొత్తం చదివిన మహానుభావుణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే.

అంతా చదివితే వచ్చేసి ఉండాలే అంటారా? అది నోట్లోంచి సరాసరి ఫోన్లోకి పోయింది. దారిలో బుర్ర తగల్లేదు.

అయిదు వారాలు స్వర్గం. ఒక్కటే చిక్కు, వాసన.

"హోయ్ట్, నీ దగ్గర చేపల కంపేంటి?"

"చేపనూనె మాత్రల పాఠం చదువుతున్నా."

"చదివితేనే ఇంత కంపా?"

"నేను ఏ పనైనా లీనమై చేస్తాను నెల్డా."

మొక్కజొన్న రొట్టె ముక్క నా పళ్ళెంలో వేసి ఊరుకుంది. అబ్బ, గండం గడిచిందనుకున్నాను.

ఈలోగా నా కీర్తి ఊళ్ళో పాకింది. ఒక సాయంత్రం పాస్టరు స్టాన్‌సిల్ గారు మా ఇంటి ముందు నుంచి నడిచి పోతూ గ్యారేజీలో నా గొంతు విన్నారట. ఆదివారం ప్రసంగంలో, "యాభై నాలుగేళ్ళ వయసులో, ఎండాకాలం సాయంత్రం, గ్యారేజీ ఉక్కలో కూర్చుని చదువుతున్న సోదరుడు హోయ్ట్‌ని చూసి నేర్చుకోండి" అన్నారు. జనమంతా నా వైపు తిరిగారు. పర్విస్ మాత్రం పాటల పుస్తకంతో మొహం కప్పుకుని వణికిపోతున్నాడు. ఏడుస్తున్నాడనుకుని పక్కావిడ వాడి వీపు నిమిరింది.

ఆ తర్వాత నేను హోటల్లో కాఫీ తాగుదామని కూర్చుంటే చాలు, మాత్రల సీసాలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

"హోయ్ట్, ఇది అన్నానికి ముందా తర్వాతా?"

"ఫార్మసిస్టుని అడగండి."

"ఈ రెండూ కలిపి వేసుకోవచ్చా?"

"ఫార్మసిస్టుని అడగండి."

"ఎంత వినయం!" అనేవాళ్ళు. నాకు తెలిసిన సమాధానం అదొక్కటే.

ఏడో వారంలో నెల్డా పీచ్ పండ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేయడం మొదలుపెట్టింది. చదువుకునేవాడికి బలం కావాలట. రోజూ గిన్నెడు. ఫలితం గురువారం తెలిసింది. నా ముందు సగం పెరట్లోకి వచ్చింది, వెనక సగం గ్యారేజీలో ఉండిపోయింది. కిటికీకి మధ్యలో పొట్ట. లోపల నా గొంతు హుషారుగా చదువుతోంది: "ఒక టీస్పూను అంటే అయిదు మిల్లీలీటర్లు. ఒక టేబుల్‌స్పూను అంటే పదిహేను..."

అప్పుడే నెల్డా ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని పెరట్లోకి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

"ఏం చేస్తున్నావ్?"

"గాలి పీలుస్తున్నా."

"ఊ." బుట్టలోంచి ఒక దుప్పటి తీసి దులిపింది. లోపలి నేను, "ఒక ఔన్సు అంటే ముప్ఫై" అన్నాను. బయటి నేను నోరు మూసుకుని ఉన్నాను.

"పీల్చుకో, పీల్చుకో. చదువు మాత్రం ఆపకు" అని దుప్పటి తీగ మీద ఆరేసి వెళ్ళిపోయింది.

మీ మీద ఒట్టు, ఆవిడ పసిగట్టలేదని సంబరపడ్డాను! నేనెంతకీ రాలేదని వెతుక్కుంటూ పర్విస్ వచ్చి చేతులు పట్టి లాగితే చొక్కా బొత్తాలన్నీ కిటికీకి కానుక ఇచ్చి బయటపడ్డాను.

పరీక్ష రోజు వచ్చింది. నలభై మైళ్ళు. నెల్డాయే కారు నడిపింది. దారి పొడుగునా నేను మందుల దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. సెంటర్లో ఒకావిడ కాగితం చూసి మా ఇంటిపేరు పిలిచింది.

"లెడ్‌బెటర్?"

లేచాను. పక్కన నెల్డా కూడా లేచింది.

"నువ్వెందుకు లేచావ్?"

"పిలిచారుగా."

"ఏ లెడ్‌బెటర్?" అంది ఆవిడ.

"ఇద్దరమూ" అంది నెల్డా, సంచిలోంచి గుర్తింపు కార్డు తీస్తూ.

తొంభై ప్రశ్నలు. మొదటి ప్రశ్నలోనే ఆ ముగ్గురు అన్నదమ్ములూ మెట్టు మీద కూర్చుని నన్ను చూసి ఇకిలించారు. రోగికి సలహా ఎవరు చెప్పాలన్న ప్రశ్న ఒక్కటి వచ్చింది. ఫార్మసిస్టు! అది మాత్రం ఠక్కున నొక్కాను. మిగతా ఎనభై తొమ్మిదీ గాలం వేసినట్టే వేశాను. అటు చూస్తే నెల్డా బియ్యంలో రాళ్ళు ఏరినట్టు టకటకా ఏరుకుంటూ పోతోంది. నలభై నిమిషాలు మిగిలి ఉండగానే లేచి వెళ్ళిపోయింది.

నా కంప్యూటరు చివర్లో మర్యాదగా ఒక మాట చెప్పింది. ఆ మాట మీకు చెప్పను.

బయట కారుకి ఆనుకుని నిలబడి ఉంది మా ఆవిడ.

"పాసయ్యావా?" అన్నాను.

"అయ్యాను."

"ఎప్పుడు చదివావు?"

"నేనెక్కడ చదివాను? నువ్వు చదివావు, నేను విన్నాను. అయిదు నుంచి ఏడు దాకా. ఒక్క రోజు మానలేదు నువ్వు. జ్వరం వచ్చి గదిలో మంచమెక్కిన రోజు కూడా గ్యారేజీలో నీ చదువు ఆగలేదు."

ఆ రోజు స్పీకరు ఆపడం మర్చిపోయాను.

"అంటే... అప్పుడు తెలిసిందా?"

"రికార్డు పెట్టిన మొదటి రోజే తెలిసింది. డీకన్ నా కాళ్ళ దగ్గర నిద్రపోతుంటే గ్యారేజీలో డీకన్ మొరిగాడు. మనకి కుక్క ఒకటే హోయ్ట్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

తాళాలు చేతిలో తిప్పుతూ అంది. "పంతొమ్మిదేళ్ళు ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నువ్వు రాయి అని నీకు చెప్పాను, ఊరంతా నీకే చెప్పింది. నెల్డా రాయొచ్చుగా అని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదనుకో. రెండు వారాలు విన్నాక, నువ్వు తప్పు పలికినచోట నేను దిద్దుతున్నానని గమనించాను. హాస్కెల్ గారిని అడిగితే, కోర్సు బదులు నా అనుభవం చాలని కాగితం రాసిచ్చారు. చెబితే నువ్వు ఆపేసేవాడివి. నీ గొంతు మంచిది, పాఠానికి బాగుంటుంది."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అంతటితో బుద్ధి రావాలి కదా? రాలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరు గారు రెండు చేతులూ చాపి ఎదురొచ్చారు. "ఏమైంది సోదరా?"

నెల్డా వెనకాల పది అడుగుల దూరంలో ఉంది. నేను గొంతు సవరించుకుని ఠీవిగా అన్నాను. "లెడ్‌బెటర్ గారు పాసయ్యారు."

అబద్ధం ఒక్క అక్షరం లేదు చూడండి! పాస్టరు గారు నన్ను కావలించుకున్నారు. ప్రార్థన అయ్యాక నన్ను లేచి నిలబడమన్నారు. మైకు చేతికిచ్చి, "విజయ రహస్యం చెప్పు" అన్నారు. రెండు వందల మంది. పర్విస్ ముందే పాటల పుస్తకం తీశాడు.

నోరు తెరిచాను. నెల్డా మెల్లిగా లేచి మైకు తీసుకుంది.

"మా ఆయన పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివాడు" అంది. జనం చప్పట్లు. "అందుకే నేను పాసయ్యాను."

ముందు పర్విస్ నవ్వు వినిపించింది. ఆ తర్వాత జనం నవ్వుకి చర్చి పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. ఆఖరికి పాస్టరు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నేనూ నవ్వాను. అందరికంటే ఆలస్యంగా.

సోమవారం పొద్దున్న ఆవిడ కొత్త తెల్లకోటు నేనే ఇస్త్రీ చేశాను. తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. కాలరు దగ్గర మడత పడిందని విప్పి ఇచ్చి, మళ్ళీ చేయించింది.