తిట్టనివాడు దొంగ

ఆ పొద్దున కెప్టెన్ వేసుకున్న పథకంలో ఎక్కడా తొందర లేదు. కాలేజీకి వెళ్లాలి, తన జట్టు తయారుచేసిన కాపలా యంత్రాన్ని పోటీ నిర్వాహకులకు అప్పగించాలి, క్యాంటీన్లో స్థిమితంగా టీ తాగాలి, మధ్యాహ్నం వంతు రాగానే వేదికెక్కి గెలవాలి. గెలిస్తే పోటీ పెట్టిన సెక్యూరిటీ కంపెనీలో ఉద్యోగం. ఓడితే మేనమామ టైల్స్ కొట్లో బిల్లులు కొట్టడం. మేనమామ అప్పటికే ఆమె కోసం కొట్లోకి తిరుగుడు కుర్చీ కూడా కొనేశాడు.

కృత్రిమ మేధతో సైబర్ దొంగల్ని పట్టాలన్నది ఆ విద్యార్థుల హ్యాకథాన్ పరీక్ష. ప్రతి జట్టు మెయిల్‌కీ ఆ జట్టు యంత్రమే కాపలా. దొంగ మెయిల్ వస్తే ఆపాలి, అసలు మెయిల్‌ని లోపలికి పంపాలి. ఒకసారి సీలు పడ్డాక పోటీ అయ్యేదాకా యంత్రాన్ని ముట్టుకోకూడదు.

ఏది దొంగదో ఏది అసలుదో యంత్రానికి తెలియాలంటే రెండు రకాలవీ కుప్పలుగా చదివించాలి. దొంగవి కావలసినన్ని దొరికాయి. "గౌరవనీయులైన మీకు హృదయపూర్వక అభినందనలు, దయచేసి ఈ లింకు నొక్కగలరు" అనే బాపతు. అసలువి అడిగితే మాత్రం స్నేహితులు ఒక్కరూ ఫోను ఇవ్వలేదు. చివరికి కెప్టెన్ తన ఇంటి ఫ్యామిలీ గ్రూపు మొత్తం తెచ్చి పోసింది. అందులో సగానికి పైగా అమ్మవే. "ఫోనెత్తవేం, చెవుల్లో సీసం పోసుకున్నావా?" "తిన్నావా, గాలి భోంచేస్తున్నావా?" "ఇంటికి రా, నీ పని చెప్తా." యంత్రం శ్రద్ధగా చదివి ఒక నిర్ణయానికొచ్చింది. తిట్టేవాళ్లు మనవాళ్లు, బతిమాలేవాళ్లు దొంగలు. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఏనాడో అన్నారు గనక దాన్ని తప్పుపట్టడానికీ లేదు.

పోటీ ఏర్పాట్లు చూసే ప్రొఫెసర్‌కి కాలేజీలో దయచేసి మాస్టారని పేరు. ఆయన తలుపును కూడా అడిగి తోస్తారు. "ప్రియమైన విద్యార్థులారా, మీ వంతు ముందుకు జరిగింది. అసౌకర్యానికి మన్నించి, దయచేసి అందినట్టు జవాబివ్వగలరు" అని ఆయన కెప్టెన్ జట్టుకు మెయిల్ పంపారు. యంత్రం దాన్ని చెత్తబుట్టలో వేసి, "మీ మోసం పట్టుబడింది" అని జవాబు కొట్టింది. తన మాటలో మర్యాద తగ్గిందేమోనని మాస్టారు ఇంకొంచెం కలిపి మళ్లీ పంపారు. యంత్రం ఈసారి సైబర్ పోలీసుల పేరెత్తింది. ఆయన కంగారుపడి, క్షమాపణలు బోలెడు చేర్చి మరొకటి పంపారు. అంత వినయం యంత్రం పుట్టి ఎరగదు. ప్రమాదం పెద్దదనిపిస్తే టీవీల ద్వారా అన్ని జట్లనీ హెచ్చరించే వీలు దానికుంది. కాలేజీలో ఉన్న ప్రతి టీవీ తెర మీదా మాస్టారి ఫొటో వేసి, కింద "తీయగా మాట్లాడతాడు, నమ్మవద్దు" అని రాసింది.

క్యాంటీన్లో కెప్టెన్ బన్ను తుంచుతూ, "పొద్దున్నించీ ఒక్క మెయిలూ లేదు. ఎంత హాయిగా ఉందో!" అంది.

జట్టులో రెండోవాడు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు తీస్తాడు. అతన్ని నిద్రమొహం అంటారు. అతను ఒక కన్ను తెరిచి గోడ మీది టీవీ చూశాడు. "ఆ దొంగెవరో మన మాస్టారిలా ఉన్నాడే" అన్నాడు.

ఫొటో పక్కన, దొంగను పట్టిన జట్టు అని తమ పేరే ఉంది. కెప్టెన్ బన్ను అక్కడే వదిలేసింది. ఇద్దరూ పోటీ జరిగే హాలు దగ్గరికి పరుగెత్తారు. గుమ్మంలో వాచ్‌మన్ మాస్టారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"కార్డు చూపిస్తాను బాబూ, మీకు శ్రమ ఇస్తున్నాను" అంటున్నారు మాస్టారు.

"అదిగో, ఇలాగే మాట్లాడతావని రాశారు" అన్నాడు వాచ్‌మన్.

కెప్టెన్ వాచ్‌మన్ని బతిమాలి మాస్టారిని విడిపించేసరికి లోపల్నించి కంపెనీ డైరెక్టరమ్మ వచ్చింది. గెలుపోటములు తేల్చేది ఆవిడే. "జవాబివ్వని జట్టు పేరు కొట్టేస్తున్నాం. పావుగంట టైమిస్తా. ఈయన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో పడాలి. యంత్రం జోలికి మాత్రం వెళ్లకండి" అంది.

కెప్టెన్‌కి మేనమామ కొన్న కుర్చీ కళ్లముందు గిర్రున తిరిగింది. "సార్, ఒకటే దారి. మీరు మమ్మల్ని తిట్టాలి."

"అయ్యో, ఎందుకమ్మా? దయచేసి..."

"ఆ మాటే వద్దు సార్!"

మాస్టారు కళ్లు మూసుకుని ఆలోచించి ఆలోచించి, "మీరు అంత బుద్ధిమంతులు కారేమోనని నా చిన్న అనుమానం" అని టైపు చేసి పంపారు. యంత్రం ఆపేసింది. కెప్టెన్ ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, అర్జెంటుగా తిట్టు."

"దేనికే? ఏం వెలగబెట్టావ్?"

"ఏదో ఒకదానికి!"

అమ్మ మళ్లీ కారణం అడగలేదు. "టిఫిన్ డబ్బా ఇక్కడే వదిలేసి పోయావు, తలకాయన్నా పట్టుకెళ్లావా? చెప్పిన మాట ఒక్కటైనా బుర్రకెక్కి చస్తుందా?" అంటూ ఎత్తుకుంది. మాస్టారు అన్నీ టైపు చేసి, చివర "మీ వంతొచ్చింది, జవాబు ఏడవండి" అని సొంతంగా చేర్చి పంపారు. మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌లో పడింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకొకటి పంపనా?" అని అడిగారు.

సాయంత్రం డైరెక్టరమ్మ ఫలితం చెప్పింది. "పోటీ మొదలవగానే మాస్టారి పేరు పెట్టుకుని ప్రతి జట్టుకీ దొంగ మెయిల్ పంపింది నేనే. దయచేసి పాస్‌వర్డ్ ఇవ్వగలరు అన్నాను. అచ్చం ఆయన మాటలాగే ఉందని మిగతా యంత్రాలన్నీ లోపలికి పంపేశాయి, పిల్లలంతా ఇచ్చేశారు. ఈ జట్టు యంత్రం ఒక్కటే నన్ను పోలీసులకు పట్టిస్తానంది." ఆవిడ కెప్టెన్ వైపు తిరిగింది. "అంత తెలివి దానికెలా వచ్చింది?"

"తెలివి కాదండీ, పెంపకం" అని కెప్టెన్ జరిగిందంతా ఒప్పేసుకుంది.

డైరెక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "ఉద్యోగం నీదే. వచ్చి ముందు దానికి కాస్త మర్యాద నేర్పు."

కెప్టెన్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. అమ్మకు వెంటనే మెసేజ్ పెట్టింది. క్షణంలో జవాబు వచ్చింది. "బంగారుతల్లీ, చాలా సంతోషంగా ఉందమ్మా. నీ మీద నాకెప్పుడూ నమ్మకమే. నువ్వు మా అదృష్టం."

కెప్టెన్ దాన్ని రెండుసార్లు చదివింది. చటుక్కున ఫోన్ చేసింది. "ఎవర్రా నువ్వు? మా అమ్మ ఫోను నీ చేతికెలా వచ్చింది?"

అవతల అమ్మ అందుకున్న తిట్లకు పక్కనున్న నిద్రమొహానికి కూడా మెలకువ వచ్చింది. ఒక్కొక్క తిట్టూ వింటుంటే కెప్టెన్ కళ్లలో ఆనందంతో నీళ్లు తిరిగాయి.

అసలు అమ్మే.