ఉల్లిపాయలకేసిన డబ్బా

వేట నిషేధం ముగిసిన తొలి ఉదయం. ఎండెక్కకముందే పడవ దించేయాలని గంగులయ్య ఆత్రం. వల సర్దాడు, డీజిల్ పోశాడు, ఐసు ఎక్కించాడు. బామ్మర్ది శివ ఇంజను దగ్గర కూర్చుని తొందరపెడుతున్నాడు. తీరా చూస్తే పడవలో నీళ్లు తోడే డబ్బా లేదు.

అదేమీ వెండి డబ్బా కాదు. వాళ్ల నాయన నూనె క్యాను సగానికి కోసి చేసుకున్నది. అంచు చిట్లిపోయింది. కానీ ఒకసారి తుపానులో మునగబోయే పడవను ఆయన దాంతోనే తోడి తోడి ఒడ్డుకు తెచ్చాడు. అది లేకుండా గంగులయ్య ఏనాడూ సముద్రంలోకి పోలేదు. పోతే తిరిగి రానని భయం.

ఇంటికి పరుగెత్తాడు. "మే, దొడ్లో నాయన డబ్బా ఏదీ?"

పెళ్లాం పేరమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. "ఆ పగిలిన డబ్బానా? ఇందాకే పాత సామాన్లకు ఉల్లిపాయలిచ్చే ఆటోకేసినా. ఇయ్యి ఆ ఉల్లిపాయలే."

గంగులయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

ముత్తుకూరు నుంచి వచ్చే ఆ ఆటో పక్క వీధి కొళాయి దగ్గరే దొరికింది. "మూట విప్పాలంటే సామానంతా దించాల, అన్నా. పోనీలే, పగిలిన డబ్బాకు ఇంత గోలెందుకు?" అన్నాడు ఆటో అతను.

అవతల పడవలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. గంగులయ్య నోటికొచ్చింది అనేశాడు. "అది గంగమ్మ డబ్బా. జాతరకు అమ్మకు దాంతోనే నీళ్లు పోస్తాం."

కొళాయి దగ్గర బిందె పట్టుకున్న మస్తానమ్మ చెంపలేసుకుంది. "అమ్మ డబ్బాను ఉల్లిపాయలకేసినారా?"

ఆటో అతను భయపడి మూటలన్నీ దించేశాడు. డబ్బా బయటపడింది. గంగులయ్య చెయ్యి చాచేలోపే మస్తానమ్మ దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఒడ్డున గంగమ్మ గుడిలో అమ్మ పాదాల దగ్గర పెట్టేసింది. ఆడవాళ్లు టెంకాయలతో బయల్దేరారు.

"అక్కా, పడవలో నీళ్లు తోడుకోవాల. ఇచ్చెయ్యి," అన్నాడు గంగులయ్య.

"అమ్మ డబ్బాతో మురికినీళ్లు తోడతావా? కళ్లు పోతాయి."

గంగులయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేటకు పోయే రోజున గంగమ్మ పేరు మీద అబద్ధమాడానని ఎవరితో చెప్పుకుంటాడు? చివరికి పేరమ్మ స్నానాల గదిలోని ఎర్ర మగ్గు తెచ్చి చేతిలో పెట్టింది. "దీంతో తోడుకో. సముద్రానికి రంగులు తెలుస్తాయా?"

దారంతా గంగులయ్య అమ్మకు లెంపలేసుకుంటూనే ఉన్నాడు. వల మాత్రం లాగలేనంత బరువెక్కింది. సాయంత్రానికి పడవ నిండా వంజరాలు. ఒడ్డున ఉన్న పడవల్లో అంత చేప ఇంకెవరికీ పడలేదు.

"మగ్గు ఇటియ్యి, నీళ్లు పోసుకోవాల," అంది పేరమ్మ.

గంగులయ్య మగ్గును వీపు వెనక దాచాడు. దాని పిడికి అప్పటికే పసుపుతాడు కట్టి ఉంది. "దీంతో స్నానం చేస్తావా? కళ్లు పోతాయి," అన్నాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు అందరూ చెంబుతోనే నీళ్లు పోసుకుంటున్నారు.